కవల ప్రధాన సంఖ్యలు

గోదావరీ గర్భమున వీరేశ్వరాలయముతో నొప్పు క్షేత్రము పట్టిసీమ. ఆ నదీజలమును పోలవరము కుడికాలువ మార్గమున కృష్ణకు పంపుటకై అచట 2015లో ఎత్తిపోతల పథకము ఆరంభింపబడెను. అందలి పంపులు 24. వానిలో సగము 12. ఈ రెండు సంఖ్యల ఇరుగుపొరుగులను పరిశీలింపుడు. 12కు ఇరుప్రక్కల నున్న 11, 13 రెండును ప్రధాన సంఖ్యలు. అనగా ఒకటిచేతను తమచేతను తప్ప మఱి యే సంఖ్యచేతను నిశ్శేషముగా భాగింపబడవు. ఇట్లు 2 భేదముగల ప్రధాన సంఖ్యలకు కవల ప్రధాన సంఖ్యలని పేరు. 24కు ముందున్న 23 ప్రధాన సంఖ్యయే; కాని తరువాతి 25ను 5 భాగించును.

3, 5 అను మొదటి జంటను విడిచినచో, ప్రతి కవలజంట నడుమను 6 యొక్క గుణిజమే యుండును. ఏలయన, వరుసగా నుండు మూడు సంఖ్యలలో నొకదానిని 3 తప్పక భాగించును. అది కవలలను భాగింపదు గనుక నడిమిదానినే భాగించును. కవలలు బేసి సంఖ్యలగుటచే నడిమిది సరిసంఖ్య. కాని 6 యొక్క ప్రతి గుణిజమునకును ఇరుప్రక్కల కవలలుండరని 24 తెలుపుచున్నది.

అట్లయిన కవలలనే యిచ్చు సూత్రమేదైన గలదా? 6న² + 5, 6న² + 7 అను బహుపదులను చూడుడు. న స్థానమున 0, 1, 2, 3, 4 నుంచినచో క్రమముగా 5, 7, 11, 13, 29, 31, 59, 61, 101, 103 లభించును. ఐదు జంటలును కవలలే! తొందరపడువాడు సూత్రము దొరకినదని నిశ్చయించును. కాని న స్థానమున 5 నుంచినచో 155, 157 వచ్చును. 155ను 5 భాగించును. ఇది యాదృచ్ఛికము కాదు. కూడబడిన రెండు భాగములును, అనగా 6 × 5 × 5 యును 5 యును, 5చే భాగింపబడునవే.

ఆయిలరు అను గణితవేత్త 1772లో తెలిపిన న² − న + 41 అను బహుపది, 1 మొదలు 40 వఱకు ప్రధాన సంఖ్యలనే యిచ్చును. 41వద్ద 41 × 41 వచ్చి, అదియు తప్పును. పూర్ణసంఖ్యలు గుణకములుగా గల యే బహుపదియు, స్థిరసంఖ్య యైననే తప్ప, ఎల్లప్పుడు ప్రధాన సంఖ్యలనే యీయజాలదని నిరూపింపబడినది.

ప్రధాన సంఖ్యలు అనంతములని యూక్లిడు నిరూపించెను. కవలలును అనంతములా యను ప్రశ్న నేటికిని తేలలేదు. 7 కోట్లకన్న తక్కువ భేదముగల ప్రధాన సంఖ్యల జంటలు అనంతములని 2013లో ఈతాంగ్ జాంగ్ నిరూపించెను. ఆ భేదమును పిదప 246 వఱకు తగ్గించిరి. 2 వఱకు ఇంకను రాలేదు. ఉదాహరణములెన్ని కూడినను నిరూపణము కాజాలవు. నలుబది పర్యాయములు నిలిచిన సూత్రము నలుబదియొకటవ పర్యాయమున తప్పుట చూచితిమి గదా!