ట్రాక్టరు గదిలో నులివెచ్చదనము

పెండ్లిమర్రి చేలలో వేసవి సేద్యము సాగుచుండగా ట్రాక్టరు డ్రైవరును ఆపి, "అన్నా, బండికి హీటరు బిగిద్దామా?" అని అడిగినచో, అడిగినవానికి వడదెబ్బ తగిలినదని అతడు తలపక మానడు. 40 డిగ్రీలు దాటిన ఎండలో నెత్తిపై రేకు టాపు, మెడచుట్టు తడి తువాలు, క్రింద కాగిన ఇనుము. ఇవి చాలవన్నట్లు, రేడియేటరు గుండ ఫ్యాను లాగి వెనుకకు తోలిన గాలి ఇంజను ప్రక్కలను ఒరసికొనుచు వచ్చి అతని మోకాళ్లను మాడ్చుచుండును. ఐనను, అతడు దినమంతయు తిట్టుకొను ఆ వేడినే గొట్టములలో పట్టి, అద్దాల గదిలోనికి మళ్లించి, సుఖసాధనముగ మార్చుకొన్న దేశములు కలవు.

డీజిలు మండగా పుట్టిన ఉష్ణములో దాదాపు మూడవవంతు మాత్రమే పనిగ మారును. తక్కినదానిలో అధికభాగము పొగగొట్టము వెంటను, సిలిండర్ల చుట్టు తిరుగు నీటి వెంటను వెలికి పోవును. పోవుచున్న ఆ వేడికి దారి మార్చుటయే హీటరు చేయు పని.

1892లో అమెరికాలోని అయోవాలో జాన్ ఫ్రోలిక్ పెట్రోలు ఇంజనుతో ముందుకును వెనుకకును నడచు ట్రాక్టరును నిర్మించిన పిమ్మట, చాలకాలము దానిపై కూర్చుండు మనిషిని గూర్చి తలచినవారు అరుదు. మంచుదేశపు రైతులు మాత్రము ఇంజనుకు ఇరువైపుల క్యాన్వాసు గుడ్డలు కట్టి, వేడిగాలిని సీటువైపు పోనిచ్చి చలి కాచుకొనిరి; నా దృష్టిలో ట్రాక్టరు హీటరునకు మూలపురుషుడు ఆ గుడ్డయే. 1938లో మినియాపొలిస్-మోలీన్ సంస్థ హీటరు, రేడియో అమర్చిన మూసినగది ట్రాక్టరును యు.డి.ఎల్.ఎక్స్. అను పేర విపణికి తెచ్చెను. పగలు దున్ని, సాయంకాలము గంటకు 64 కిలోమీటర్ల వేగముతో ఊరికి పోదగిన ఆ బండి సుమారు 150 మాత్రమే తయారై ఆగిపోయెను. సుఖము చేయలేని పనిని భయము చేసినది. బండి తిరగబడినప్పుడు ప్రాణము కాచు ఉక్కుచట్రమును 1959లో స్వీడను క్రొత్త ట్రాక్టర్లకు నిర్బంధము చేసెను. చట్రము నిలిచిన పిదప దానికి అద్దము, తలుపు, వాని వెనుక హీటరు వచ్చుట సులభమయ్యెను.

ఈ కథలో మన భాగమును కలదు. 2023 ఆగస్టు 15న కేప్‌టౌనులో మహీంద్రా సంస్థ ప్రకటించిన ‘ఓజా’ చిన్న ట్రాక్టర్లు తెలంగాణములోని జహీరాబాదులో తయారగునట్టివి. ఉత్తర అమెరికా విపణికిని ఉద్దేశింపబడినవి. ఏ సంస్థదైనను, గది లేక వచ్చిన చిన్న ట్రాక్టరునకు చలిదేశపు యజమాని తరువాత గదిని, హీటరును బిగించుకొనుట అచట సామాన్యము. ఇంజనునుండి వేడినీటిని ఒక రబ్బరు గొట్టమున తెచ్చి, అరచేతి రెండింతలుండు చిన్న రేడియేటరు గుండ పారించి, ఇంజను నీటిపంపు పీల్చువైపునకు తిరిగి కలుపుదురు. 12 వోల్టుల ఫ్యాను దానిపై గాలి విసరును. పంపు లేక, వేడినీరు తేలిక యగుటచేతనే తిరుగు పాతకాలపు చిన్న ఇంజనుల యందు ఈ ఉపాయము సరిగ పారదు. హీటరును గది కప్పున బిగించినచో ఎత్తున గాలిబుడగ చిక్కి నీటి నడకను ఆపును. కావున గొట్టపు బిగింపును వదులుచేసి, బుసబుసలు పోయి నీటిధార వచ్చువరకు గాలిని వెడలింపవలెను. ఇంజను వేడెక్కువరకు నీటిని రేడియేటరునకు పోనీయక ఆపు థర్మోస్టాటు తెరచుకొని బిగిసిపోయినచో నీరు చాలినంత కాగదు. అది బాగుగ నున్నను, తేలికపనిలో డీజిలు ఇంజను అంతగ వేడెక్కదు గనుక రేడియేటరు ముందు అట్టముక్క నిలుపువారును కలరు! నీటిలో సగము ఎథిలీన్ గ్లైకాల్ కలిపినగాని ఆ చలికి ఇంజను పగులకుండ నిలువదు. తియ్యగనుండు ఆ ద్రవము విషము, పశువులకు అందరాదు.

చలిదేశములలో చిన్న ట్రాక్టరు కొనుకొన్న మన బంధువులకు ఒక మాట: పొగగొట్టమునుండి నేరుగ వేడిని గదిలోనికి తీయు నాటుపద్ధతి జోలికి పోవలదు, అతుకు వదులైనచో వాసనలేని కార్బన్ మోనాక్సైడు మూసినగదిలో నిండి ప్రాణము తీయును. మన ట్రాక్టరు నిర్మాతలకు వేరొక మనవి: ఇంజను గాలిని డ్రైవరు మోకాళ్లనుండి ప్రక్కకు త్రిప్పు రేకుపలక కొన్ని బండ్లకు ఇప్పటికే కలదు, పెండ్లిమర్రి వంటి ఊళ్లకు పోవు ప్రతి బండికిని దానిని బిగించియే పంపవలెను.