తిన్నది ఒంటబట్టని పిల్లవాడు

మా మనుమడికి నాలుగో ఏడు వచ్చినా రెండేళ్ళ పిల్లవాడిలా ఉండేవాడు. పుల్లల్లాంటి కాళ్ళు, కుండలాంటి పొట్ట. రోజుకు నాలుగైదు విరేచనాలు, అవీ జిడ్డుగా, దుర్వాసనతో. మా అబ్బాయి ఉద్యోగం ఢిల్లీలో. నేను వెళ్ళి దిష్టి తీశాను. నులిపురుగుల మందు పోయించాను. బలం చాలదేమోనని గోధుమరవ్వ ఉప్మా, నెయ్యి రాసిన చపాతీలు, సేమ్యా పాయసం కొసరి కొసరి తినిపించాను. ఎంత తినిపిస్తే అంత చిక్కిపోయాడు. రక్తం తక్కువగా ఉందని పోసిన టానిక్కూ ఒంటబట్టలేదు.

పిల్లల డాక్టరుగారు రక్తపరీక్ష చేయించి, తర్వాత నోటిగుండా సన్నని గొట్టం పంపి చిన్నప్రేగు లోపలినుంచి ఆవగింజంత ముక్క తీయించారు. జబ్బు పేరు సీలియాక్ వ్యాధి అట.

“అమ్మా, చిన్నప్రేగు లోపలి పొర మఖమలు గుడ్డలా ఉంటుంది. ఆ నూగే ఆహారంలోని సారాన్ని పీల్చుకునేది. మీవాడికి అది అరిగి చదునైపోయింది” అన్నారాయన.

అరగదీసిందేమిటని అడిగాను.

“గోధుమ” అన్నారు. నాకు నోట మాట రాలేదు.

గోధుమలో, బార్లీలో ఉండే గ్లూటెన్ అనే మాంసకృత్తు కొందరికి పడదు. పుట్టుకతో వచ్చిన తత్త్వంవల్ల వాళ్ళ శరీరం దానిమీద తిరగబడి, తన ప్రేగునే గాయపరుచుకుంటుంది. మన దక్షిణాదికంటే ఉత్తరాదిన ఈ జబ్బు ఎక్కువ. లండనులో శామ్యూల్ గీ అనే వైద్యుడు 1888లోనే దీన్ని వర్ణించి, నయమైతే ఆహారంవల్లనే కావాలన్నాడు. ఏ ఆహారమో ఆయనకు అంతుపట్టలేదు. హాలండులో విలెం డికె అనే పిల్లల వైద్యుడికి యుద్ధానికి ముందే గోధుమ రొట్టెమీద అనుమానం కలిగింది. 1944-45 చలికాలంలో అక్కడ కరవు వచ్చి రొట్టె దొరకనప్పుడు ఆ అనుమానం బలపడింది. తర్వాత పిల్లలకు గోధుమ పెట్టీ, మాన్పించీ చూసి, 1950లో ఆ సంగతి తన సిద్ధాంతగ్రంథంలో రాశాడు.

ఇంతకూ చికిత్స ఏమిటంటే, జన్మంతా గ్లూటెన్ ఉన్న తిండి మానడమే. (పరీక్షలు కాకముందే మాన్పిస్తే జబ్బు బయటపడకపోవచ్చునట. ఆ తొందర వద్దన్నారు.) అన్నం తినే మనకు ఇదేం పెద్ద పని అనుకున్నాను. వంటింట్లోకి వెళ్ళాక తెలిసింది. బొంబాయిరవ్వ, మైదా, బిస్కట్లు సరే, చాలా రకాల డబ్బా ఇంగువలోనూ గోధుమపిండి కలుపుతారు! చారు, పులిహోర, ఊరగాయ అన్నీ అనుమానమే. మా కోడలు వాడికి వేరే జల్లెడ, వేరే పెనం పెట్టింది. తక్కినవాళ్ళు మాత్రం చపాతీలు మానలేదు. నాకు ఆ కోపం ఇప్పటికీ ఉంది.

కొన్ని వారాల్లోనే విరేచనాలు కట్టాయి. ఏడాది తిరిగేసరికి చొక్కాలు పొట్టివైపోయాయి. ఇప్పుడు వాడికి ఏడేళ్ళు. మొన్న బంధువుల పెళ్ళిలో పులిహోర వడ్డించబోతుంటే, విస్తరికి చెయ్యి అడ్డం పెట్టి, “ఇందులో ఏ ఇంగువ వేశారండీ?” అని అడిగాడు. వడ్డించేవాడు గరిటె పట్టుకునే వంటవాణ్ణి కనుక్కోవడానికి వెళ్ళాడు. అతను తిరిగి వచ్చేదాకా మావాడు ఖాళీ విస్తరి ముందు బుద్ధిగా కూర్చున్నాడు.