నాటకంలో మాట్లాడే వస్తువులు

చిత్తూరునుంచి బెంగుళూరు వెళ్ళే రోడ్డుమీద బంగారుపాళ్యం అనే ఊరు ఉన్నది. మామిడికాయల మార్కెట్టుకు అది పేరుపడిన చోటు. ఆ చుట్టుపక్కలా, చిత్తూరు సీమలోని ఇతర ప్రాంతాల్లోనూ, చాలా ఊళ్ళలో ధర్మరాజుల గుడి, ద్రౌపదమ్మ గుడి ఉంటాయి. ఆ గుళ్ళ దగ్గర మహాభారత ఉత్సవాలు జరుగుతాయి. కురుక్షేత్ర యుద్ధం 18 రోజులు గదా! ఈ ఉత్సవం కూడా చాలాచోట్ల 18 రోజులు సాగుతుంది. పగలు హరికథ చెబుతారు. రాత్రి తెల్లవార్లూ నాటకం ఆడతారు.

ఇక్కడ ఒక వింత ఉన్నది. చూడవచ్చిన వాళ్ళందరికీ కథ ముందే తెలుసు. ధర్మరాజు జూదంలో ఓడిపోతాడని తెలుసు. దుర్యోధనుడు చస్తాడని తెలుసు. అయినా ఏటేటా వచ్చి, చాపలు పరచుకుని కూచుని, మళ్ళీ నవ్వుతారు, మళ్ళీ కంటతడి పెడతారు. తెలిసిన కథ మనని ఎట్లా ఏడిపించగలదు?

దీనికి జవాబు నటుల మాటల్లోనే కాదు, వాళ్ళ ఒంటిమీదా, చేతుల్లోనూ ఉండే వస్తువుల్లో కూడా ఉన్నది. మంచి నాటకం చెప్పదలచిన సంగతిని ఒక వస్తువులో పెట్టి మన కళ్ళ ఎదట ఉంచుతుంది. ఆ వస్తువు మొదటిసారి కనిపించినప్పుడు దానికి ఒక అర్థం ఉంటుంది. మళ్ళీ కనిపించేసరికి ఆ అర్థం మారిపోతుంది.

ద్రౌపది జుట్టునే తీసుకోండి. దుశ్శాసనుడు ఆమెను జుట్టు పట్టుకుని సభలోకి ఈడ్చుకువచ్చాడు. ఆ అవమానానికి ప్రతీకారం జరిగేదాకా జడ వేసుకోనని ఆమె శపథం పట్టింది. ఇక అప్పటినుంచీ ఆమె రంగంమీదికి వచ్చినప్పుడల్లా విరబోసుకున్న జుట్టుతోనే వస్తుంది. ఆమె నోరు విప్పకపోయినా, “నాకు జరిగిన అన్యాయం ఇంకా అట్లాగే ఉన్నది,” అని ఆ జుట్టు చెబుతూనే ఉంటుంది. పూర్వం భట్టనారాయణుడు అనే కవి ఈ సంగతిమీదే సంస్కృతంలో ఒక నాటకం రాసి, దానికి “వేణీసంహారం” అని పేరు పెట్టాడు. వేణి అంటే జడ. జడ ముడవటం అని ఆ పేరుకు అర్థం.

చిత్తూరు సీమ ఉత్సవాల్లో దుర్యోధన వధ పగటిపూట, ఆరుబయట జరుగుతుంది. మైదానంలో వెల్లకిలా పడుకుని ఉన్న బ్రహ్మాండమైన దుర్యోధనుడి విగ్రహాన్ని మట్టితో చేస్తారు. భీముడి వేషగాడు గద పుచ్చుకుని దాని చుట్టూ పరుగులు తీసి, చివరకు తొడమీద కొడతాడు. ఎర్రటి నీళ్ళు చిమ్ముతాయి. ఆ ఎరుపు అంటించి ద్రౌపది జుట్టు ముడుస్తారు. జనం హర్షధ్వానాలు చేస్తారు. సాయంత్రం భక్తులు అగ్నిగుండం తొక్కుతారు.

భీముడు తొడమీదే ఎందుకు కొట్టాలి? జూదం జరిగిన రోజున దుర్యోధనుడు నిండు సభలో ద్రౌపదికి తన తొడ చూపించాడు. ఆ తొడ విరగగొడతానని భీముడు అప్పుడే ఒట్టు పెట్టుకున్నాడు. సభలో గర్వానికి గుర్తు అయిన తొడ, యుద్ధభూమిలో శిక్షకు గుర్తు అయింది.

ఇదే తొడకు మూడో అర్థం చెప్పిన మహాకవి ఒకడున్నాడు. ఆయన భాసుడు, కాళిదాసుకన్న ముందువాడు. ఆయన నాటకాలు వందల ఏళ్ళపాటు లోకానికి కనిపించకుండా పోయాయి. తిరువనంతపురంలో గణపతిశాస్త్రి అనే పండితుడు 13 నాటకాలు సంపాదించి, అవి భాసుడివేనని చెప్పి, 1912నుంచి అచ్చు వేయించాడు. వాటిలో ఒకటి “ఊరుభంగం.” ఊరువు అంటే తొడ. ఇది ఒకే అంకం గల చిన్న నాటకం.

అందులో దుర్యోధనుడు తొడలు విరిగి నేలమీద పడి ఉంటాడు. తల్లిదండ్రులూ, భార్యలూ వెతుక్కుంటూ వస్తారు. అతని చిన్నకొడుకు దుర్జయుడు పరుగున వచ్చి, అలవాటు ప్రకారం తండ్రి తొడమీద ఎక్కి కూచోబోతాడు. తండ్రి వద్దని వారిస్తాడు. ఎందుకో ఆ పసివాడికి తెలియదు. పరుల ఇంటి ఆడదాన్ని అవమానించటానికి చూపిన తొడ తన కన్నకొడుకు కూచోటానికి కూడా లేకుండా పోయింది!

దుర్యోధనుడు చేసింది తప్పు కాదని భాసుడు ఎక్కడా అనలేదు. కాని ఆ పిల్లవాడు చేసిన తప్పేమిటి? ఈ ప్రశ్న మన మనసులో పుట్టేసరికి, “మంచిపని అయింది, చావనీ,” అన్న మన నోరు మూతపడుతుంది. చివరకు దుర్యోధనుడే కొడుకును పిలిచి, పాండవులను తనలాగే గౌరవించమనీ, కుంతి మాట వినమనీ బోధిస్తాడు. రంగంమీద చావు చూపరాదని మన నాట్యశాస్త్రకారులు నియమం పెట్టారు. అయినా ఈ నాటకంలో దుర్యోధనుడు ప్రేక్షకుల ఎదటే కన్నుమూస్తాడు.

మన తెలుగులో కూడా విషాదనాటకం ఉన్నది. బళ్ళారిలో ధర్మవరం రామకృష్ణమాచార్యులు (1853–1912) “విషాద సారంగధర” రాశాడు. అందులో వస్తువు ఒక పావురం. రాజరాజనరేంద్రుడి కొడుకు సారంగధరుడు ఎగరేసిన పావురం పోయి చిత్రాంగి మేడమీద వాలింది. దాన్ని తెచ్చుకునేందుకు అతను ఆమె ఇంటికి వెళ్ళాడు. చిత్రాంగి అతనిపై లేనిపోని నింద మోపింది. రాజు విచారించకుండా, కొడుకు కాళ్ళూ చేతులూ నరికించాడు. నిజం తెలిసేసరికి చెయ్యిదాటిపోయింది. జనం చెప్పుకునే కథలో ఒక సిద్ధుడు వచ్చి సారంగధరుడికి కాళ్ళూ చేతులూ తెప్పిస్తాడు. రామకృష్ణమాచార్యులు మాత్రం కథను దుఃఖంతోనే ముగించాడు. పురుషులే స్త్రీ వేషాలు కట్టే ఆ కాలంలో, తరవాత సినిమాల్లో గొప్ప పేరు తెచ్చుకున్న నాగయ్య కూడా చిత్తూరులో చిత్రాంగి వేషం కట్టాడు.

ఇంగ్లండులో షేక్స్పియరు రాసిన “ఒథెల్లో” నాటకంలో ఒక చేతిరుమాలు ఇటువంటి పనే చేస్తుంది. ఒథెల్లో ప్రేమతో భార్యకు ఇచ్చిన మొదటి కానుక అది. ఆమె పారేసుకున్న ఆ రుమాలు ఇయాగో అనే దుర్మార్గుడి చేతిలో పడి, ఆమెపై తప్పుడు సాక్ష్యంగా మారింది. ఇక్కడా నిజం బయటపడింది, కాని ఆమె చనిపోయిన తరవాత!

మరి సుఖంగా ముగిసే నాటకాల్లో ఏం జరుగుతుంది? వాటిలో కూడా వస్తువులు పోతాయి, నిందలు పుడతాయి. శూద్రకుడి “మృచ్ఛకటికం” అనే పేరుకు అర్థం మట్టిబండి. చారుదత్తుడు ఒకప్పుడు ధనికుడు, ఇప్పుడు పేదవాడు. అతని కొడుకు రోహసేనుడు పక్కింటి పిల్లవాడి బంగారుబండి చూసి, తనకు మట్టిబండి వద్దని ఏడిచాడు. వసంతసేన జాలిపడి, తన నగలు ఒలిచి ఆ మట్టిబండిలో పోసి, “వీటితో బంగారుబండి చేయించుకో,” అన్నది. ఆ నగలే న్యాయస్థానంలో బయటపడి, వసంతసేనను చారుదత్తుడే చంపాడనటానికి సాక్ష్యమయ్యాయి. దయతో ఇచ్చినవి ప్రాణాలమీదికి తెచ్చాయి! తలారులు అతన్ని వధ్యస్థలానికి తీసుకుపోయారు. సరిగ్గా ఆ సమయానికి చచ్చిపోయిందనుకున్న వసంతసేన ప్రాణాలతో వచ్చింది.

కాళిదాసు శాకుంతలంలో ఉంగరం నీళ్ళలో పడి, చేప కడుపులోకి పోయింది. దానితోపాటు దుష్యంతుడికి శకుంతల జ్ఞాపకం కూడా పోయింది. జాలరి పుణ్యమా అని ఉంగరం దొరికింది, జ్ఞాపకం తిరిగివచ్చింది, చివరకు భార్యా కొడుకూ కూడా దక్కారు.

గురజాడ అప్పారావు “కన్యాశుల్కం” 1892లో మొదటిసారి ప్రదర్శించారు, 1897లో అచ్చయింది. అందులో లుబ్ధావధాన్లు అనే ముసలివాడు డబ్బిచ్చి చిన్నపిల్లను పెళ్ళాడటానికి సిద్ధపడతాడు. ఆ పిల్లను రక్షించటానికి ఆమె మేనమామ కరటకశాస్త్రి తన శిష్యుడికి ఆడవేషం వేసి, ముసలివాడికి కట్టబెడతాడు. పెళ్ళికూతురి మెడలోకి మధురవాణి తన కంటె ఎరువిస్తుంది. ఆ కంటె ఒక్కటే అసలైనది. దాన్ని పెట్టుకున్న పెళ్ళికూతురు నకిలీ! మనం పకపకా నవ్వుతాం. కాని ఆ వేషం సమయానికి పడకపోతే, ఆ స్థానంలో నిజంగా ఒక పసిపిల్ల కూచోవలసి ఉండేదని గుర్తుకు రాగానే నవ్వు ఆగిపోతుంది.

ఈ నాటకాలన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే ఒక సంగతి తేలుతుంది. విషాదానికీ, సుఖానికీ మూలం ఒకటే: ఒక మనిషి నిజాన్ని గుర్తించలేకపోవటం. నిజం సమయానికి అందితే సుఖాంతం. ఒక ఘడియ ఆలస్యమైతే విషాదాంతం. చారుదత్తుడికీ సారంగధరుడికీ ఉన్న తేడా ఆ ఘడియే.

మరి ద్రౌపది జడ మాట ఏమిటి? జడ ముడిపడింది గనక అది సుఖాంతమేనా? ఊరుభంగం చివర, పడి ఉన్న దుర్యోధనుడి ఎదట అశ్వత్థామ ఆ రాత్రే పాండవులను చంపుతానని ప్రతిన పడతాడు. భారతంలో ఏం జరిగిందో మీకు తెలుసు. ఆ రాత్రి అశ్వత్థామ నిద్రపోతున్న ద్రౌపది కొడుకులను అయిదుగురినీ చంపేశాడు. ద్రౌపదికి న్యాయం దొరికింది, కాని అది చూడటానికి పిల్లలు మిగలలేదు. ముడిచిన ఆ జడలో గెలుపూ ఉన్నది, కడుపుకోతా ఉన్నది. కథ తెలిసినవాళ్ళు కూడా ఏటేటా వచ్చి చూసేది ఇందుకే.

ఈసారి మీ ఊళ్ళో గాని, బడిలో గాని నాటకం ఆడినప్పుడు ఒక చిన్న పని చెయ్యండి. ఒక వస్తువును ఎన్నుకోండి. అది పాచిక కావచ్చు, కిరీటం కావచ్చు, ఉత్తరం కావచ్చు. అది ఎవరి చేతినుంచి ఎవరి చేతికి పోతున్నదో, పోయినప్పుడల్లా దాని అర్థం ఎట్లా మారుతున్నదో గమనించండి. ఇంటికి పోయి అమ్మానాన్నలకు ఆ వస్తువు కథ మాత్రం చెప్పండి. నాటకం కథంతా దానివెంట తనంతట తానే వస్తుంది.