కెర్నల్ తప్పా.. మన తప్పా?

‘సర్వర్‌కి కనెక్ట్ అయిందని నీ ప్రోగ్రామ్‌కి ఎలా తెలుసు?’ బీటెక్ అయిపోయిన ఏడాది ఓ ఇంటర్వ్యూలో నన్నడిగిన ప్రశ్న ఇది. రెజ్యూమెలో ప్రాజెక్టు గొప్పగా రాసుకున్నా కానీ జవాబు తెలియదు. ఉద్యోగం రాలేదు. ప్రశ్న మాత్రం నాతోపాటు జనగామ దాకా వచ్చింది.

సర్వర్లు పనిచేస్తున్నాయో లేదో చూసే చిన్న ప్రోగ్రామ్ అది. ఇంటికొచ్చాక సర్వర్‌లో సర్వీసు ఆపేసి మరీ నడిపా. అయినా ‘కనెక్టెడ్’ అనే చూపించింది! నా నెట్‌లో సమస్యేమోనని మహబూబాబాద్‌లో ఒక దోస్తుకి, భూపాలపల్లిలో ఇంకో దోస్తుకి పంపా. మూడు ఊళ్లు, మూడు నెట్ కనెక్షన్లు.. ఒకటే తప్పు. ఇంకేముంది, బగ్ లైనక్స్ కెర్నల్‌లోనే ఉందని ముగ్గురం తేల్చేశాం.

మెసేజ్ వస్తే పనైనట్టేనా?

మామూలు సాకెట్‌తో ‘కనెక్ట్’ పిలిస్తే, ఫలితం తేలేదాకా ప్రోగ్రామ్ అక్కడే ఆగిపోతుంది. నాన్-బ్లాకింగ్ సాకెట్ అలా కాదు. ఆదాయ సర్టిఫికెట్‌కి దరఖాస్తు పెట్టి, రసీదు తీసుకుని మన పని మీద మనం పోయినట్టు. ఆ రసీదే ‘ఈఇన్‌ప్రోగ్రెస్’. చూడ్డానికి ఎర్రర్‌లా ఉన్నా, ‘పని నడుస్తోంది’ అనే దానర్థం. తర్వాత పోల్ లేదా ఈపోల్‌తో కనిపెట్టుకుని ఉంటే, ‘సాకెట్ రాయడానికి సిద్ధం’ అని కబురొస్తుంది.

మేం పొరబడింది ఇక్కడే. దరఖాస్తుపై నిర్ణయం అయిందని ఫోన్‌కి మెసేజ్ వస్తే సర్టిఫికెట్ చేతికొచ్చినట్టేనా? తిరస్కరించి ఉండొచ్చుగా! సాకెట్ కూడా అంతే. అవతల పోర్టు మూసి ఉన్నా ‘సిద్ధం’ అనే వస్తుంది. అప్పుడు గెట్‌సాక్‌ఆప్ట్‌తో ‘ఎస్‌ఓ ఎర్రర్’ విలువ అడగాలి. మామూలు లైనక్స్ మెషీన్‌లో 0 వస్తే కనెక్ట్ అయినట్టు, 111 వస్తే అవతలివాళ్లు నిరాకరించినట్టు, 110 వస్తే గడువు దాటినట్టు. స్ట్రేస్‌తో చూస్తే మా ప్రోగ్రామ్ ఆ ప్రశ్నే అడగలేదని తేలింది. ఇదంతా ‘కనెక్ట్’ మాన్యువల్ పేజీలో రాసే ఉంది. మేం చదవలేదంతే.

కెర్నల్‌కీ మెలికలున్నాయి

అలాగని కెర్నల్ ప్రతిసారీ మనం అనుకున్నట్టే ఉండదు. లైనక్స్‌లో సెలెక్ట్ ‘చదవొచ్చు’ అన్నాక కూడా రీడ్ ఆగిపోవచ్చు. వచ్చిన ప్యాకెట్‌లో చెక్‌సమ్ తప్పుంటే కెర్నల్ దాన్ని పారేస్తుంది మరి. అందుకే సెలెక్ట్ వాడినా సాకెట్‌ని నాన్-బ్లాకింగ్‌గా పెట్టడమే క్షేమం. ఇంకోటి.. యాక్సెప్ట్ ఇచ్చే కొత్త సాకెట్‌కి, లిజనింగ్ సాకెట్‌కున్న నాన్-బ్లాకింగ్ గుణం లైనక్స్‌లో దానంతటదే రాదు. బీఎస్‌డీలో వస్తుంది.

ఇంట్లోనే ల్యాబ్

దీనికోసం అమీర్‌పేట పోనక్కర్లేదు. పాత ల్యాప్‌టాప్, అందులో ఒక వర్చువల్ మెషీన్ చాలు. స్ట్రేస్, ఎస్‌ఎస్, టీసీపీడంప్ అన్నీ ఉచితమే. మూడు ప్రయోగాలు చేయండి: పోర్టు తెరిచి, పోర్టు మూసి, ఫైర్‌వాల్‌తో ప్యాకెట్లను పారేసి. మూడోదాంట్లో డిఫాల్ట్ సెట్టింగ్స్‌తో ఫలితం తేలడానికి రెండు నిమిషాలకు పైనే పడుతుంది. టైమౌట్ మనమే ఎందుకు పెట్టుకోవాలో అప్పుడర్థమవుతుంది.

తర్వాతి ఇంటర్వ్యూలో ప్రాజెక్టు గురించి అడిగితే, అదెలా పనిచేస్తుందో కాదు, ఎక్కడ తప్పిందో ముందు చెప్పా. మిగతా సమయమంతా దాని మీదే మాట్లాడుకున్నాం. మీ రెజ్యూమెలోనూ మీరు పట్టుకున్న ఒక బగ్‌కి చోటివ్వండి.