పిట్ట కొంచెం, ఇంజను ఘనం

పిల్లలూ! రోడ్డు మీద ఒక చిన్న మోపెడ్డూ, ఒక పెద్ద మోటారు సైకిలూ పక్కపక్కనే పోతుంటే మీలో కొందరికి ఈ ఆలోచన వచ్చే ఉంటుంది. "ఆ పెద్దదాని ఇంజను తీసి ఈ చిన్నదానికి బిగిస్తే? బండి తేలిక, ఇంజను బలం. ఇక గాలిలో తేలిపోదూ!"

ఇది వింత ఆలోచనేమీ కాదు. పేరుమోసిన ఇంజనీర్లకు కూడా వచ్చింది. వాళ్ళు చేసి చూపించారు కూడా. అయితే ఇంజను మార్చడమంటే మాడిపోయిన బల్బు తీసి కొత్తది పెట్టడం వంటిది కాదు. ఒక్క ఇంజను మారిస్తే దాని వెంట ఇంకా ఏమేమి మారాలి? ఎందుకు మారాలి? ఒక నిజమైన కారు కథ చెప్పుకుంటూ తెలుసుకుందాం. మీరు తరగతిలో చదువుకున్న భౌతికశాస్త్రమే ఇందుకు చాలు.

ఆల్పైన్ టైగరైన కథ

బ్రిటన్‌లో రూట్స్ అనే కంపెనీ 1959లో సన్‌బీమ్ ఆల్పైన్ అనే చిన్న స్పోర్ట్స్ కారును విడుదల చేసింది. ఇద్దరు కూర్చునే కారు. చూడముచ్చటగా ఉండేది. 1960 నుంచి దానిలో 1,592 ఘన సెంటీమీటర్ల ఇంజను ఉండేది. నాలుగు సిలిండర్లు, సుమారు 80 అశ్వసామర్థ్యం. గరిష్ఠ వేగం గంటకు దాదాపు 158 కిలోమీటర్లు. కాని అమెరికాలో పెద్ద ఇంజన్లకు అలవాటు పడినవారికి ఇది చాలలేదు. "అందం ఉంది, ఊపు లేదు" అన్నట్లు చూశారు.

కాలిఫోర్నియాలో ఆ కంపెనీ అమ్మకాలు చూసే ఇయన్ గారడ్ అనే ఆయన, దీనిలో ఏదైనా పెద్ద ఇంజను పడుతుందేమో చూడాలనుకున్నాడు. తమ ఉద్యోగి ఒకరిని కార్ల దుకాణాలకు పంపాడు. ఆయన ఒక చెక్క కొలబద్ద పట్టుకుని అక్కడి కార్ల ఇంజన్లను కొలిచి వచ్చాడు. చివరకు ఫోర్డ్ కంపెనీ వారి 4.2 లీటర్ల ఇంజను పట్టేటట్లు తోచింది. దానికి ఎనిమిది సిలిండర్లు. నాలుగేసి చొప్పున రెండు వరుసలు పంగల కర్రలా విచ్చుకుని ఉంటాయి. అందుచేత దాని పొడవు మరీ ఎక్కువ కాదు. పైగా దాన్ని పలుచని గోడలతో పోతపోశారు. ఇనుముదే అయినా బరువు 200 కిలోగ్రాములే.

ఇదే ఇంజనును 1962లో కరోల్ షెల్బీ అనే పూర్వపు పందెపు డ్రైవరు మరో బ్రిటిష్ కారులో బిగించి, కోబ్రా అనే కారు తయారుచేసి ఉన్నాడు. అందుచేత పని ఆయనకే అప్పగించారు. ఎనిమిది వారాలు, పదివేల డాలర్లు కావాలన్నాడు. 1963లో నమూనా సిద్ధమైంది. కంపెనీ అధిపతి రూట్స్ ప్రభువు స్వయంగా నడిపి చూసి ఒప్పుకున్నాడు. 1964 ఏప్రిల్‌లో న్యూయార్క్ ప్రదర్శనలో కొత్త కారును జనానికి చూపించారు. పేరు సన్‌బీమ్ టైగర్. సామర్థ్యం 164 అశ్వాలు. అంటే ఆల్పైన్‌కు రెట్టింపు దాటింది.

సామర్థ్యం రెట్టింపైతే వేగం రెట్టింపా?

ముందు మీరే ఊహించండి. ఆల్పైన్ వేగం 158. రెట్టింపు చేస్తే 316. టైగర్ అంత వేగంగా పోయిందా? లేదు. దాని గరిష్ఠ వేగం గంటకు దాదాపు 193 కిలోమీటర్లే!

మిగతా బలమంతా ఏమైంది? గాలి తినేసింది. సైకిలు జోరుగా తొక్కేటప్పుడు ఎదురుగాలి మిమ్మల్ని వెనక్కి నెట్టడం తెలుసు కదా. ఈ గాలి నిరోధం వేగం యొక్క వర్గాన్ని అనుసరించి పెరుగుతుంది. వేగం రెట్టింపైతే నిరోధం నాలుగు రెట్లు. సామర్థ్యమంటే బలాన్ని వేగంతో గుణించగా వచ్చేది. కనుక గాలిని చీల్చుకుపోవడానికి కావలసిన సామర్థ్యం వేగం యొక్క ఘనాన్ని అనుసరిస్తుంది. వేగం రెట్టింపు కావాలంటే ఎనిమిది రెట్ల సామర్థ్యం కావాలన్నమాట.

ఇప్పుడు లెక్క వేద్దాం. 164ను 80తో భాగిస్తే 2.05. ఏ సంఖ్యను మూడుసార్లు గుణిస్తే 2.05 వస్తుంది? సుమారు 1.27. 158ని 1.27తో గుణిస్తే దాదాపు 200. నిజంగా వచ్చింది 193. టైర్ల రాపిడినీ, ఇతర నష్టాలనూ మనం లెక్కలో వేసుకోలేదు. అయినా ఎంత దగ్గరగా వచ్చిందో చూశారా?

మరి అసలు లాభం ఎక్కడ? త్వరణంలో. నిలకడ నుంచి గంటకు 96 కిలోమీటర్ల వేగం అందుకోవడానికి ఆల్పైన్‌కు సుమారు 14 సెకన్లు పట్టేది. టైగర్‌కు 9 సెకన్లు కూడా పట్టలేదు.

చోటు చాలలేదు

కొలబద్దతో కొలిచినప్పుడు పట్టిన ఇంజను, తీరా బిగించబోయేసరికి అన్ని వైపులా ఒరుసుకుంది. పాత స్టీరింగు పెట్టె అడ్డం వచ్చింది. దాన్ని తీసేసి, పళ్ళకడ్డీ మీద పళ్ళచక్రం తిరిగే వేరే రకం స్టీరింగు పెట్టారు. ఇంజను గదికీ, డ్రైవరు కూర్చునే చోటుకీ మధ్య ఒక రేకు గోడ ఉంటుంది. కర్మాగారంలో అప్పటికే రంగు వేసి ఉన్న ఆ గోడను సమ్మెటతో కొట్టి, లోపలికి నొక్కి, ఇంజనుకు చోటు చేసేవారు. ఒక స్పార్క్ ప్లగ్గు మాత్రం ముందునుంచి చేతికి అందదు. దాన్ని విప్పడానికి ఆ గోడకే ఒక కన్నం పెట్టి, రబ్బరు బిరడా బిగించారు!

ముందు మొగ్గు, వెనక మొగ్గు

ఎడ్లబండిలో బస్తాలు వేసేటప్పుడు రైతు ఎంత జాగ్రత్తగా సర్దుతాడో గమనించండి. బరువంతా ముందుకు పడితే కాడి ఎద్దుల మెడలను అణగదొక్కుతుంది. వెనక్కి పడితే కాడి పైకి లేస్తుంది. ఇరుసుకు ముందున్న బరువు భ్రామకమూ, వెనకున్న బరువు భ్రామకమూ దాదాపు సరితూగాలి. బరువు ఎంత అన్నదే కాదు, ఇరుసుకు ఎంత దూరంలో ఉందన్నది కూడా ముఖ్యమే.

కారులోనూ అంతే. ముక్కు దగ్గర బరువు పెరిగితే కారు మలుపు తిరగనంటుంది. మీరు స్టీరింగు తిప్పినా జడత్వం దాన్ని తిన్నగానే తోస్తుంది. దాన్ని పక్కకు లాగవలసింది ముందు టైర్లకూ రోడ్డుకూ మధ్య ఉన్న రాపిడే. ఆ రాపిడికి ఒక హద్దు ఉంది. హద్దు దాటితే కారు రోడ్డు వదిలి పొలంలోకి పోతుంది.

అందుకే టైగర్‌లో ఇంజనును వీలైనంత వెనక్కి జరిపి కూర్చోబెట్టారు. సమ్మెట దెబ్బల్లో ఒక పరమార్థం ఇది కూడా. బ్యాటరీని వెనక సామాను పెట్టెలోకి మార్చారు. ఆల్పైన్ బరువు 1,007 కిలోగ్రాములు కాగా టైగర్ 1,203 కిలోగ్రాములు తూగింది. ఇంత పెరిగినా, ముందు చక్రాల మీద 51.7 శాతం, వెనక చక్రాల మీద 48.3 శాతం బరువు పడేటట్లు సర్దగలిగారు.

ఇరుసు మీద పడే మెలి

ఇంజను తిప్పే బలాన్ని, అంటే టార్కును, గేరుపెట్టె, తిరుగుడు కడ్డీ, వెనక ఇరుసు ఒకదాని తరువాత ఒకటి అందుకుని చక్రాలకు చేరుస్తాయి. గొలుసులో లింకుల వంటివి ఇవి. ఫోర్డ్ ఇంజను టార్కు పాతదానికి రెండున్నర రెట్లకు మించింది. అంత మెలి పాత గేరుపెట్టె మీద పడితే పళ్ళు రాలిపోతాయి. పాత ఇరుసు విరిగిపోతుంది. కనుక గేరుపెట్టెనూ, ఇరుసునూ కూడా గట్టివాటితో మార్చవలసి వచ్చింది. ఇరుసు పక్కకు జరగకుండా ఒక అడ్డకడ్డీని కొత్తగా చేర్చారు.

ఇక్కడ ఒక తమాషా ఉంది. ఆల్పైన్‌లో చక్రం ఒక్కసారి తిరగడానికి తిరుగుడు కడ్డీ సుమారు 3.89 సార్లు తిరిగేది. టైగర్‌లో 2.88 సార్లే. చిన్న ఇంజను బక్కమనిషి వంటిది. పెద్ద బండరాయిని కదపాలంటే అతనికి పొడవాటి గడ్డపార కావాలి. బలశాలికి పొట్టి గడ్డపార చాలు. పైగా రాయి ఎక్కువ దూరం కదులుతుంది. గేరు నిష్పత్తి కూడా ఆ గడ్డపార వంటిదే. నిష్పత్తి తగ్గించినా చక్రాలకు అందే టార్కు దాదాపు రెట్టింపైంది. ఇంజను మాత్రం నెమ్మదిగా తిరుగుతూనే కారును వేగంగా నడిపింది.

వేడి, బ్రేకు

పెట్రోలులో ఉన్న శక్తిలో ఇంజను పనిగా మార్చేది సుమారు నాలుగో వంతే. మిగతాదంతా వేడి. కొంత పొగగొట్టం గుండా పోతుంది. కొంత రేడియేటరు నీళ్ళ ద్వారా గాలికి చేరాలి. పెద్ద ఇంజను పూర్తి బలంతో పనిచేస్తే వేడీ ఆ మేరకు పెరుగుతుంది. పైగా ఇరుకు గదిలో గాలి ఆడదు. టైగర్ కార్లు ఎండ రోజుల్లో ఉడికిపోతాయన్న పేరు తెచ్చుకోవడానికి కారణం ఇదే.

అన్నిటికంటే ముఖ్యమైనది ఆగడం. కదిలే వస్తువు గతిజశక్తి, ద్రవ్యరాశిలో సగాన్ని వేగ వర్గంతో గుణించగా వచ్చేదని చదువుకున్నారు. టైగర్ బరువు ఆల్పైన్‌కు సుమారు 1.2 రెట్లు. గరిష్ఠ వేగం 1.22 రెట్లు. వేగం వర్గం సుమారు 1.5. రెండూ గుణిస్తే 1.8. అంటే పూర్తి వేగంలో ఉన్న టైగర్‌ను ఆపాలంటే, బ్రేకులు దాదాపు 1.8 రెట్ల శక్తిని వేడిగా మార్చి వదిలించుకోవాలి. ఇంజనుది నడిపించే పని. ప్రాణం కాపాడేది బ్రేకు.

హద్దు ఎక్కడ?

షెల్బీ అక్కడితో ఆగలేదు. 1965లో తన కోబ్రాలో 7 లీటర్ల ఇంజను పెట్టాడు. అప్పటికి పాత చట్రం తట్టుకోలేని స్థితి వచ్చింది. మూడంగుళాల గొట్టాలకు బదులు నాలుగంగుళాల గొట్టాలతో కొత్త చట్రం కట్టారు. పట్టీల స్ప్రింగులు పోయి చుట్టల స్ప్రింగులు వచ్చాయి. పేరు పాతదే, కారు దాదాపు కొత్తది! ఒక హద్దు దాటితే కారుకు ఇంజను వెయ్యడం మాని, ఇంజనుకు కారును కట్టవలసి వస్తుందని దీనివల్ల తెలుస్తుంది.

టైగర్ కథ ముగిసిన తీరు కూడా పాఠమే. రూట్స్ కంపెనీ అమెరికాలోని క్రైస్లర్ కంపెనీ చేతుల్లోకి పోయింది. క్రైస్లర్ వారు తమ కారులో ప్రత్యర్థి ఫోర్డ్ ఇంజను ఎందుకుంచుతారు? తమ ఇంజను పెట్టాలని చూశారు. కాని సిలిండర్లకు నిప్పురవ్వ పంచే డిస్ట్రిబ్యూటరు, ఫోర్డ్ ఇంజనుకు ముందువైపు ఉంటే, వారి ఇంజనుకు వెనకవైపు ఉంది. అక్కడ ఉన్నది ఆ రేకు గోడ! ఇంజను పట్టలేదు. 1967లో టైగర్ తయారీ ఆగిపోయింది. కొద్దిపాటి చోటు చాలక ఒక కారు చరిత్రలో కలిసిపోయింది.

ఇక మన మోపెడ్డు దగ్గరకు వద్దాం. దాని బ్రేకులు, టైర్లు, చట్రం, గొలుసు అన్నీ దాని చిన్న ఇంజనుకు తగినట్లు లెక్కకట్టి చేసినవి. పెద్ద ఇంజను బిగిస్తే అది పరుగు తీస్తుంది. కాని ఆగవలసినప్పుడు ఆగదు, తిరగవలసినప్పుడు తిరగదు. మన దేశంలో 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ విభాగం, తయారుచేసినవారు నిర్దేశించిన వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చకూడదంటుంది. ఆ నిబంధన వెనక ఉన్నది ఈ భౌతికశాస్త్రమే. రేపు పెద్దవారై బళ్ళు నడిపేది మీరే. మీ పక్కన రోడ్డు మీద నడిచేది మీ చెల్లెలో, తాతయ్యో కావచ్చు.

చేసి చూడండి

ఒక బల్లచెక్కను పుస్తకాల మీద వాలుగా ఆనించండి. కింద నేల మీద దుప్పటి పరచండి. వాలు మీద పది సెంటీమీటర్ల ఎత్తునుంచి ఒక బొమ్మకారును వదిలి, దుప్పటి మీద ఎంత దూరం పోయి ఆగిందో కొలవండి. తరువాత ఇరవై సెంటీమీటర్ల ఎత్తునుంచి వదలండి. రెండోసారి వాలు దిగేటప్పటి వేగం మొదటిదానికి సుమారు 1.4 రెట్లే. మరి అది ఆగడానికి పట్టిన దూరం ఎన్ని రెట్లు? ఎందుకు? కొలిచి, ఆలోచించి, మీ నోటుపుస్తకంలో రాసుకోండి.