నాదస్వరానికి దీటైన పల్లపట్ల గొంతు

గుంటూరుకు పడమరగా నడిస్తే పత్తి, మిర్చి పండే నల్లరేగడి. తూర్పుకు తిరిగి తెనాలి దాటితే కృష్ణా కాలువల కింద వరిచేలు. ఆ చేల నడుమ వేమూరు మీదుగా, బౌద్ధ స్తూపం ఉన్న భట్టిప్రోలు మీదుగా సాగే రైలు పట్టాలు రేపల్లెలో ఆగిపోతాయి. ఆ రేపల్లె తాలూకా పల్లపట్లలో 1938 ఏప్రిల్ 23న సినీ నేపథ్య గాయని ఎస్. జానకి పుట్టారు. ఉమ్మడి గుంటూరు జిల్లాకు పాట కొత్తకాదు. ఈలపాట రఘురామయ్యది సుద్దపల్లి, మాధవపెద్ది సత్యానిది బ్రాహ్మణకోడూరు, మనోది మిర్చిసీమ సత్తెనపల్లి. అయినా ఇన్ని భాషల వాళ్లు మా మనిషే అనుకున్న గొంతు మాత్రం జానకిదే.

చిన్నతనంలో ఆమెకు సంగీతం నేర్పిన పైడిస్వామి నాదస్వర విద్వాంసుడు. ఊపిరి ఎక్కడ నిలపాలో, గమకం ఎంత సాగదీయాలో ఆ వాద్యం వాయించేవాళ్లకు తెలిసినట్టు మరొకరికి తెలియదు. 1957లో మద్రాసు చేరిన జానకి తమిళంలో ‘విధియిన్ విళయాట్టు’ సినిమాతో మొదలుపెట్టి, అదే ఏడు ‘ఎం.ఎల్.ఏ.’లో పెండ్యాల స్వరాలకు ఘంటసాలతో కలిసి పాడారు. మరో అయిదేళ్లకు అసలు పరీక్ష ఎదురైంది. ‘కొంజుం సలంగై’, దాని తెలుగు రూపం ‘మురిపించే మువ్వలు’ కోసం కారుకురిచ్చి అరుణాచలం నాదస్వరానికి దీటుగా ఆభేరి రాగంలో పాడాలి. ‘నీ లీల పాడెద దేవా’ వింటుంటే ఒక్కోచోట వాద్యం ఎక్కడ ఆగిందో, గొంతు ఎక్కడ అందుకుందో తేల్చుకోవడం కష్టం. పైడిస్వామి పాఠం వృథా పోలేదనడానికి ఇంతకంటే రుజువు అక్కర్లేదు.

మైకు ముందు ఆమె నిలబడే తీరు మరో వింతగా ఉండేది. ముఖంలో కదలిక ఉండేది కాదు, చేయి ఊగేది కాదు. గొంతులో మాత్రం చంటిపిల్ల మారాం చేసేది, ముదుసలి వణికేది, కొత్తపెళ్లికూతురు సిగ్గుపడేది. నటించేదంతా స్వరమే.

ఆమె అందుకున్న జాతీయ పురస్కారాలు నాలుగు. తమిళానికి రెండు, మలయాళానికి ఒకటి, తెలుగులో వంశీ తీసిన ‘సితార’కు ఒకటి. ‘సితార’లో ఇళయరాజా బాణీకి వేటూరి రాసిన ‘వెన్నెల్లో గోదారి అందం’ పాట 1984కు గాను ఆ గౌరవం తెచ్చింది. 2013లో పద్మభూషణ్ ప్రకటించినప్పుడు, దక్షిణాది కళాకారులకు గుర్తింపు చాలా ఆలస్యంగా వస్తోందంటూ ఆమె దాన్ని స్వీకరించలేదు. కన్నడ పాటలతో తనను గుండెల్లో పెట్టుకున్న మైసూరులోనే 2017లో పెద్ద కచేరీ చేసి వేదికకు సెలవు చెప్పారు.

ఆమె పుట్టిన నేల చూడాలనుకుంటే, రేపల్లె 2022 నుంచి బాపట్ల జిల్లాలో ఉంది. తెనాలి నుంచి రైలూ బస్సూ ఉన్నాయి. అవనిగడ్డ వైపు నుంచి వచ్చేవాళ్లు పులిగడ్డ–పెనుమూడి వారధి మీదుగా కృష్ణ దాటి చేరుకోవచ్చు.

మైసూరు ఆమెను అంతగా గౌరవించుకున్నప్పుడు పుట్టిన గడ్డ వెనకబడకూడదు. ఏటా ఏప్రిల్ 23న రేపల్లె, తెనాలి పిల్లల చేత ఆమె పాటలు పాడించండి.