చేప కడుపున పుట్టిన వడ్డాది రాజు

సగం మనిషి, సగం చేప అనగానే చూపు సముద్రం మీదికి పోతుంది. గ్రీకుల ట్రైటన్ సముద్రుడి కొడుకే. మన శిల్పులు మత్స్యావతారాన్ని నడుము పైన విష్ణువుగా, కింద చేపగా చెక్కారు. విశాఖ లాంటి రేవు పట్నంలో అలాంటి కథ బీచ్ దగ్గర దొరకాలి. దొరికింది మాత్రం కొండల వైపు, వడ్డాదిలో.

వడ్డాదిని ఏలిన మత్స్య వంశం తన పుట్టుకను 1269 నాటి దిబ్బిడ తామ్రశాసనంలో చెప్పుకుంది. నారంగ మహర్షి తపస్సు చెడగొట్టడానికి వచ్చిన అప్సరస మంజుఘోష, ఆయన శాపం తగిలి మత్స్య నదిలో చేపయింది. ఆ చేపకు పుట్టినవాడు సత్యమార్తాండుడు. ఉత్కళ రాజు జయత్సేనుడు తన కూతురు ప్రభావతినిచ్చి పెళ్ళి చేసి, వడ్డాదిని అప్పగించాడు. తోక మాట ఎలా ఉన్నా రాజ్యం దక్కింది!

తామూ మత్స్యదేశపు రాజుల వారసులమేనన్న మాడుగుల జమీందార్లు చేప ఆకారపు రాతి సింహాసనం మీద పట్టం కట్టుకునేవారు. జెండా మీద చేప, సంతకం కూడా చేప బొమ్మే. పాడేరు కొండల్లోని మత్స్యగుండాన్ని కాపాడిందీ వాళ్ళే. అక్కడ మాచేరు నది ఒక రాతికట్ట కింద దూరి మాయమై, ఓ వంద గజాల దిగువన పైకొస్తుంది. పైకొచ్చిన చోట మడుగు, మడుగు నిండా మహసీర్ చేపలు. పెద్దవి చేతిలోంచే మేత తినేవని, వీపు నిమిరినా ఊరుకునేవని 1907 నాటి జిల్లా గెజిటీర్‌లో ఉంది. ఒక చేపను కూర వండుకున్న, ఎడ్ల మీద సరుకు మోసే బ్రింజారీ వర్తకుడు చేపలరాజు శాపానికి ఎద్దులతో సహా రాళ్ళయిపోయాడట.

శాపం సంగతేమో గానీ, భయం పనిచేసింది. మహసీర్ నెమ్మదిగా పెరుగుతుంది, గుడ్లు పెట్టే ఈడు ఆలస్యంగా వస్తుంది. పెద్దవాటిని పట్టేస్తే మడుగు ఖాళీ. వేటే లేకుండా రోజూ మేత దొరికితే చేప మనిషి నీడను చూసి పారిపోవడం మానేస్తుంది. అక్కడి మచ్చికలోని మహిమ ఇదే.

ఇక చేప మన పూర్వీకుడనే మాట పూర్తిగా అబద్ధం కాదు. 2004లో ఉత్తర కెనడాలో దొరికిన టిక్టాలిక్ అనే చేప శిలాజం వయసు సుమారు 37.5 కోట్ల ఏళ్ళు. దాని రెక్కలో భుజం దగ్గర ఒక ఎముక, ఆ కింద రెండు, ఆపైన మణికట్టు లాంటి చిన్న ఎముకలు. మీ చెయ్యి తడిమి చూసుకోండి, అదే వరస. ఆ చుట్టరికం వడ్డాది రాజులొక్కరిదే కాదు, అందరిదీ.

మహసీర్‌కు తేటగా పారే నీరు కావాలి. మత్స్యగుండం వెళ్తే మేత వెయ్యండి, ప్లాస్టిక్ కవరు మాత్రం వెనక్కి తెచ్చుకోండి.